ఊరి పేరు ఉంది, ఊళ్లో ఆట ఏదీ?

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. కేరళ బ్లాస్టర్స్‌తో మ్యాచ్ 1–1తో ముగిసింది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపి కప్పు తెచ్చిపెట్టాడు. 2025 వచ్చేసరికి అదే క్లబ్ పేరు మార్చుకుని, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా రాజధానికి తరలిపోయింది. ఒక నగరం పేరుతో జాతీయ టైటిల్ గెలిచిన జట్టు నాలుగేళ్లు తిరగకుండానే ఆ నగరాన్ని వదిలేయడం చిన్న సంగతి కాదు. డెక్కన్ లెజియన్ పేరుతో జట్టు వెంట నిలిచిన కొద్దిమంది అభిమానులకు తప్ప మిగతా హైదరాబాద్‌కు ఇది వార్తే కాలేదు. జట్టు పోయినందుకంటే, పోయిన సంగతి ఎవరికీ పట్టనందుకు నాకు ఎక్కువ బాధ కలిగింది.

కారణం అడిగితే అందరూ డబ్బు అంటారు. నిజమే, జీతాల బకాయిలతో ఆటగాళ్లు ఒక్కొక్కరే జట్టును వీడారు. కానీ డబ్బు కష్టాలు ప్రపంచంలో ప్రతి క్లబ్‌కూ వస్తాయి. అవి వచ్చినప్పుడు ఊరు అడ్డుపడుతుందా లేదా అన్నదే అసలు విషయం. ఈ క్లబ్ 2019లో పుట్టింది. గచ్చిబౌలిలో ఆడిన తొలి సీజన్‌లో పట్టికలో అట్టడుగున నిలిచింది. తర్వాత కోవిడ్ కారణంగా వరసగా రెండు సీజన్లు గోవాలోనే జరిగాయి. మానొలో మార్కెజ్ కోచ్‌గా కుర్రాళ్లతో జట్టును మలిచిందీ, ఒగ్బెచే ఒకే సీజన్‌లో 18 గోల్స్ కొట్టిందీ అప్పుడే. అంటే ఆ జట్టు ఎదిగిన కాలాన్ని హైదరాబాద్ టీవీలోనే చూసింది. స్టేడియంలో కూర్చుని ఓటమికి తిట్టుకునే అవకాశం, గెలుపుకు గొంతు పోయేలా అరిచే అవకాశం రెండూ దక్కలేదు. అలాంటి జట్టు మీద మమకారం ఎంత లోతుకు దిగుతుంది?

జపాన్ ఉదాహరణ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1993లో 10 క్లబ్‌లతో మొదలైన జె లీగ్, క్లబ్‌లు కంపెనీ పేర్లు తగిలించుకోకుండా ఊరి పేరు పెట్టుకోవాలని పట్టుబట్టింది. ప్రతి క్లబ్‌కూ సొంత ఊరు, పిల్లల జట్లు ఉండాలంది. అయినా 1998లో యొకొహామా ఫ్లూగెల్స్‌కు డబ్బు కష్టం వచ్చింది. దాన్ని పక్క క్లబ్ అయిన మారినోస్‌లో కలిపేస్తున్నట్టు యజమానులు ప్రకటించారు. ఫ్లూగెల్స్ ఆటగాళ్లు 1999 జనవరి 1న ఎంపరర్స్ కప్ ఫైనల్ గెలిచి మరీ కథ ముగించారు. అభిమానులు మాత్రం ముగించలేదు. చందాలు వేసుకుని యొకొహామా ఎఫ్‌సీ అనే కొత్త క్లబ్‌ను నిలబెట్టారు. కింది మెట్టు నుంచి ఆడుకుంటూ వచ్చిన ఆ క్లబ్ 2007లో దేశపు అగ్రశ్రేణి లీగ్‌లో ఆడింది. అప్పటికి జపాన్‌లో వృత్తిపరమైన ఫుట్‌బాల్ వయసు 14 ఏళ్లు. సంప్రదాయం ఏర్పడటానికి వందేళ్లు కావాలనేవారికి నేను ఈ కథే చెబుతాను.

మన దగ్గర కొత్త లీగ్ మొదలైన ప్రతిసారీ యజమాని ఎవరు, ప్రసార హక్కులు ఎంతకు పోయాయి, ప్రారంభోత్సవానికి ఏ నటుడు వస్తున్నాడు అనే చర్చే నడుస్తుంది. ఆ వివరాలను బట్టి ఒక ఆట ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేం. నేను చూసేవి రెండే. వచ్చే ఏడాది ఇదే నెలలో, ఇదే స్టేడియంలో మళ్లీ మ్యాచ్ ఉంటుందా? ఆ జట్టులో ఆడాలని కలగన్న పదేళ్ల పిల్ల ఈ ఊళ్లో ఎవరి దగ్గరికి వెళ్లి నేర్చుకోవాలి?

ఈ లెక్కన చూస్తే హైదరాబాద్ పేరో తెలుగు పేరో మోస్తున్న జట్లలో చాలావాటికి పునాదే లేదు. పునరుద్ధరించిన హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ తొలి ఏడాదే ఫైనల్ చేరింది. 2025 ఫిబ్రవరి 1న బెంగాల్ టైగర్స్ చేతిలో 3–4తో ఓడింది. గొప్ప పోరు. కానీ పురుషుల లీగ్‌కు ప్రధాన వేదిక ఒడిశాలోని రవుర్కెలా. అల్టిమేట్ ఖోఖో తొలి సీజన్‌లో తెలుగు యోధాస్ 2022 సెప్టెంబర్ 4న ఫైనల్‌ను 45–46తో, ఒకే ఒక్క పాయింటుతో చేజార్చుకుంది. ఒక తరం పాటు చెప్పుకోవాల్సిన ఓటమి అది. మన బడుల్లో ఖోఖో ఆడని పిల్లలు తక్కువ. అయినా ఆ ఫైనల్ మన ఇళ్లలో ఎందుకు వినిపించదంటే, లీగ్ మొత్తం పుణెలో జరిగింది. తర్వాతి సీజన్ కటక్‌లో జరిగింది. ఒకే వేదికలో లీగ్ నడిపితే ఖర్చు తగ్గుతుందని నిర్వాహకులు అంటారు. తగ్గుతుంది, సందేహం లేదు. అయితే టికెట్ కొని సొంత జట్టును చూసే ప్రేక్షకుడు ఆ లెక్కలో ఎక్కడా కనిపించడు.

అందుకే నా దృష్టిలో నిలిచే అవకాశం అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది కబడ్డీకి. ప్రొ కబడ్డీ లీగ్ 2014 జులైలో 8 జట్లతో మొదలై 2017కి 12 జట్లకు పెరిగింది. ఇన్నేళ్లలో తెలుగు టైటాన్స్ ఒక్కసారీ టైటిల్ గెలవలేదు. 8, 9, 10 సీజన్లలో కలిపి 66 మ్యాచ్‌లు ఆడి గెలిచింది ఐదే. పదో సీజన్‌కు పవన్ సెహ్రావత్‌ను అప్పటి రికార్డు ధర 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొన్నా రెండు విజయాలతో సరిపెట్టుకుంది. ఇంకో ఆటలోనైతే ఈ పాటికి జనం జట్టు పేరు కూడా మరిచిపోయేవారు. కబడ్డీలో అలా జరగలేదు. రాహుల్ చౌదరి కూతకు వెళ్తున్నప్పుడు ఊపిరి బిగపట్టి చూసిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. పవన్‌ను ఎందుకు ముందే పట్టు పట్టనిచ్చారని వాళ్లు ఇంకా వాదించుకుంటారు. ఓడిపోయే జట్టు గురించి వాదన ఆగలేదంటే ఆ ఆట ఊళ్లో ఉన్నట్టే.

దానికి కారణం లీగ్ కంటే పాతది. చెడుగుడు ఆడని తెలుగు ఊరు లేదు. సంక్రాంతికి మండల స్థాయి పోటీలు పెట్టి, రాత్రి లైట్ల వెలుగులో ఫైనల్ ఆడించే ఊళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. లీగ్ చేసిన గొప్ప పని ఆ ఆటను చెడగొట్టకుండా టీవీకి సరిపడేలా మార్చడం. ఒక్కో కూతకు 30 సెకన్ల గడువు పెట్టింది. వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోసారి పాయింటు తేవాల్సిందే, లేదంటే అవుట్. ముగ్గురో అంతకన్నా తక్కువ మందో మిగిలినప్పుడు పట్టు పడితే అదనపు పాయింటు. మా తాతల కాలపు ఆటే ఇది అని గుర్తుపట్టేలా ఉంచుతూనే, సాగదీతకు చోటు లేకుండా చేసింది. కొత్త ఆట తయారు చేసేవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం లేదు.

ఇంత బలం ఉన్న కబడ్డీ కూడా వేదిక విషయంలో తడబడుతూనే ఉంది. మొదట్లో లీగ్ ఒక్కో జట్టు సొంత ఊళ్లో కొన్ని రోజుల చొప్పున తిరిగేది. టైటాన్స్ అప్పుడు విశాఖలో ఆడింది, తర్వాత హైదరాబాద్ వచ్చింది. పదో సీజన్ ఫైనల్ 2024 మార్చి 1న గచ్చిబౌలిలోనే జరిగింది. పుణెరి పల్టన్ 28–25తో హర్యానా స్టీలర్స్‌ను ఓడించింది. పదకొండో సీజన్ అదే ఏడాది అక్టోబర్‌లో గచ్చిబౌలిలోనే టైటాన్స్ విజయంతో మొదలైంది. 2025లో విశాఖ, జైపూర్, చెన్నై, ఢిల్లీ మాత్రమే వేదికలు. హైదరాబాద్ జాబితాలో లేదు. విశాఖకు దక్కినందుకు నాకు అసూయ లేదు. టైటాన్స్ రెండు రాష్ట్రాల జట్టు, అక్కడి ప్రేక్షకులకు ఆ హక్కు ఉంది. రెండు నగరాలకూ ఏటా తలా ఒక వారం ఇవ్వడం అసాధ్యం కాదు. ఒక ఏడాది ఉండి, ఇంకో ఏడాది లేకపోతే తండ్రి పిల్లాణ్ని తీసుకెళ్లడం అలవాటుగా మారదు. తేదీలు కూడా అంతే. జులైలో మొదలైన లీగ్ డిసెంబర్‌కు, అక్కడి నుంచి అక్టోబర్‌కు, ఆ తర్వాత ఆగస్టుకు జరిగింది. దసరా ఎప్పుడో పంచాంగం చూడకుండానే ఎవరైనా ఉజ్జాయింపుగా చెబుతారు. కబడ్డీ ఎప్పుడో చెప్పలేరు.

వాలీబాల్‌పై నా ఆశ పెరుగుతోంది. 2019లో వచ్చిన ప్రొ వాలీబాల్ లీగ్ ఒకే సీజన్‌తో ఆగింది, నిర్వాహకులతో ఒప్పందాన్ని సమాఖ్య రద్దు చేసుకుంది. అక్కడితో పోవాల్సిన ఆట 2022 ఫిబ్రవరిలో ప్రైమ్ వాలీబాల్ లీగ్‌గా తిరిగొచ్చింది. మొదలైంది కూడా గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే. 2023లో కొన్ని మ్యాచ్‌లు ఇక్కడ జరిగాయి. 2025 అక్టోబర్‌లో లీగ్ అంతా ఇక్కడే నడిచింది. అంటే నాలుగు సీజన్లలో మూడుసార్లు ఈ నగరానికి వచ్చింది. సెట్‌ను 15 పాయింట్లకు కుదించడంతో మ్యాచ్ త్వరగా తేలుతుంది. హైదరాబాద్ బ్లాక్ హాక్స్‌కు విజయ్ దేవరకొండ సహ యజమాని కావడం టీవీ ముందుకు కొందరిని తెస్తుంది కానీ, ఆటను నిలిపేది జిల్లాల్లోని ప్రేక్షకులే. రెండు గుంజలు పాతి, వల కట్టి, పొద్దు వాలాక వాలీబాల్ ఆడే యువకులు మన మండలాల్లో వేలమంది. వాళ్లలో ఒకరు బ్లాక్ హాక్స్ తరఫున సర్వీస్ చేసే రోజున ఈ లీగ్‌కు భయం తీరుతుంది. ఆ జట్టు నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్‌లలో ఏటా ఎంపిక పోటీలు పెడితే అయ్యే ఖర్చు ఒక ప్రకటన చిత్రీకరణకు మించదని నా నమ్మకం.

బ్యాడ్మింటన్ దీనికి అడ్డం తిరిగిన ఉదాహరణ. 2013లో సైనా నెహ్వాల్‌తో హైదరాబాద్ హాట్‌షాట్స్ తొలి లీగ్ గెలిచింది. 2018 జనవరిలో కరోలినా మారిన్ ఉన్న హైదరాబాద్ హంటర్స్ సొంతగడ్డపైనే టైటిల్ ఎత్తింది. 2020 ఫిబ్రవరి తర్వాత ఆ లీగ్ జాడ లేదు. లీగ్ పోయినా ఆట పోయిందా? గోపీచంద్ అకాడమీలో తెల్లవారుజామునే షటిల్ చప్పుడు మొదలవుతుంది. ఒలింపిక్స్‌లో 2012లో సైనా కాంస్యం, 2016లో సింధు రజతం, టోక్యోలో ఆమె కాంస్యం అన్నీ ఆ దారిలో వచ్చినవే. నేర్పే చోటు, నేర్పే మనిషి ఉంటే లీగ్ లేకపోయినా సంప్రదాయం పెరుగుతుంది. లీగ్ ఒక్కటే ఉండి నేర్పే చోటు లేకపోతే రెండో పరాజయానికే నీరుగారిపోతుంది.

హుస్సేన్‌సాగర్ చుట్టూ 2023 ఫిబ్రవరి 11న జరిగిన ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా–ఈ రేసు ఆ రెండో కోవకు చెందుతుంది. రోడ్లు మూసి, గ్యాలరీలు కట్టి ఒకరోజు చూశాం. 2024 రేసు రద్దయింది. కొండాపూర్, గచ్చిబౌలి పరిసరాల్లో పుట్టుకొస్తున్న పికిల్‌బాల్ కోర్టుల గురించి కూడా అడుగుతున్నారు. అది 1965లో అమెరికాలో కుటుంబ వినోదంగా పుట్టిన ఆట. సాయంత్రం ఆడుకోవడానికి చక్కగా ఉంటుంది. టికెట్ కొని ఇతరులు ఆడుతుంటే చూసే ఆటగా ఎదుగుతుందని మాత్రం నాకు అనిపించడం లేదు.

హైదరాబాద్ నిలబెట్టిన సంప్రదాయం ఎలా ఉంటుందో ఈ నగరానికే బాగా తెలుసు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ఆ రెండు జట్లలోనూ ఆడాడు. ఆ గెలుపుల వెనక ప్రసార హక్కులు లేవు. ఆటగాడికి ఉద్యోగం ఇచ్చే శాఖ ఉంది, రోజూ సాధన చేసే మైదానం ఉంది, పిల్లల్లో ఆటను కనిపెట్టే కోచ్ ఉన్నాడు. 1963లో రహీమ్ కన్నుమూశాక ఆ గొలుసు క్రమంగా తెగింది. దాదాపు ఆరు దశాబ్దాల తర్వాత ఫ్రాంచైజీ రూపంలో వచ్చిన ఫుట్‌బాల్ ఆ పాత గొలుసును పట్టుకోవడానికి గట్టి ప్రయత్నమేదీ చేయలేదన్నది నా ఫిర్యాదు.

అదే పొరపాటు మహిళల క్రికెట్‌లో జరగకూడదు. 2023లో మొదలైన మహిళల ప్రీమియర్ లీగ్‌లో ఐదు జట్లను రూ.4,669.99 కోట్లకు అమ్మారు. వాటిలో హైదరాబాద్ లేదు. 2005లోనూ 2017లోనూ దేశాన్ని ప్రపంచకప్ ఫైనల్‌కు నడిపించిన మిథాలీ రాజ్ ఊరికి జట్టు లేదు. 2025 నవంబర్ 2న నవీ ముంబైలో భారత్ ప్రపంచకప్ గెలిచినప్పుడు కడప అమ్మాయి శ్రీచరణి ఆ జట్టు ప్రధాన బౌలర్లలో ఒకరు, హైదరాబాద్‌కు చెందిన అరుంధతి రెడ్డి జట్టులో సభ్యురాలు. అదే ఏడాది ఆరంభంలో భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష అండర్–19 ప్రపంచకప్‌లో ఉత్తమ క్రీడాకారిణి అయింది. ఆటగాళ్లు ముందే ఉన్నారు, చూసే జనం ఉన్నారు, ఉప్పల్‌లో స్టేడియం ఉంది. లీగ్‌లో కొత్త జట్టుకు వేలం పెట్టే రోజున హైదరాబాద్ పేరు కోరే సంస్థ ఎంత పాడిందన్నది నాకు ముఖ్యం కాదు. సొంత మ్యాచ్‌లు ఏటా ఉప్పల్‌లోనే ఆడతామని, భద్రాచలం లాంటి చోట్ల బాలికల శిక్షణ శిబిరాలు నడుపుతామని, అమ్మేయాల్సి వస్తే ముందు ఈ నగరంలోని కొనుగోలుదారుకే అవకాశం ఇస్తామని ఒప్పందంలో రాసివ్వాలి. హైదరాబాద్ క్రికెట్ సంఘమూ, ప్రభుత్వమూ ఇప్పటి నుంచే ఆ మూడు షరతులూ సిద్ధం చేసుకోవాలి.