జిమ్ము నిలువుటద్దం గారికి ఒక కుంటికాలి లేఖ

అయ్యా నిలువుటద్దం గారూ,

నమస్కారం. తమరు కుశలంగానే ఉండి ఉంటారు. ఒంట్లో ఒక్క కండరమూ లేదు కాబట్టి పట్టేసే భయం లేదు. నా సంగతే బాగాలేదు, అందుకే ఈ ఉత్తరం.

నాలుగు వందల మీటర్ల పరుగు. చివరి మలుపు దాటాను. కుడి తొడ వెనక టప్పుమని ఏదో తెగినట్టయింది. వెనక నుంచి ఎవరో రాయి విసిరారనుకుని తిరిగి చూశాను కూడా. ఎవరూ లేరు. అప్పటికి ఆఖరివాణ్ణి నేనే కాబట్టి, ఉండే అవకాశమూ లేదు. ఫిజియో మేడమ్ ఒక చోట వేలితో నొక్కి, నేను పెట్టిన కేక పూర్తిగా విని, "హ్యామ్‌స్ట్రింగ్" అన్నారు. మూడేళ్లుగా రోజూ తమరి ముందు నిలబడ్డవాణ్ణి. ఆ కండరాన్ని ఒక్కసారైనా చూసిన గుర్తు లేదు.

తమరి మీద అనుమానం అక్కడే మొదలైంది.

తమరు నాకు చూపించిందల్లా ముందు తొడ. లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషిన్‌ని సరిగ్గా తమరికి ఎదురుగా వేయించినవారెవరో గానీ మనుషుల్ని బాగా చదివినవారు. కాలు చాచిన ప్రతిసారీ మోకాలి పైన, లోపలి వైపు, వాస్టస్ మీడియాలిస్ అనే కండరం కన్నీటి బొట్టులా ఉబికి వచ్చేది. మురిసిపోయి ఇంకాస్త బరువు పెంచేవాణ్ణి. అది నిజంగానే కన్నీటి బొట్టని తర్వాత తెలిసింది. పోనీ ముందు తొడ విషయంలోనైనా నిజం చెప్పారా? క్వాడ్స్ అంటే నాలుగు కండరాలు. తమరు చూపించేది మూడు. నాలుగోది, వాస్టస్ ఇంటర్మీడియస్, ఆ మూడింట్లో ఒకటైన రెక్టస్ ఫెమోరిస్ కింద నక్కి ఉంటుంది. దాని ఫొటోకి ఒక్క లైకూ రాదు. మన భాష కూడా తమరి పార్టీయే లెండి. సవాలు విసరాలంటే తొడ కొడతాం, అదీ ముందువైపే. వెనక తొడ చరిచి సవాలు చేసిన వీరుణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఆ వెనక తొడలో హ్యామ్‌స్ట్రింగ్ అనే ఇంటిపేరుతో ముగ్గురు కాపురముంటున్నారట. బయటి వైపు బైసెప్స్ ఫెమోరిస్, లోపలి వైపు సెమిటెండినోసస్, సెమిమెంబ్రనోసస్. బైసెప్స్ అంటే తమరి ముందు మోచెయ్యి మడిచి చూపించేదొక్కటే అనుకున్నాను. కాలిలోనూ అదే పేరుతో ఒకటి ఉందని, అది చిరిగాక తెలుసుకున్నాను. మనం కూర్చున్నప్పుడు పీటకు ఆనే ఎముక ఉంటుంది చూడండి, ఈ ముగ్గురూ అక్కడే పుట్టి, తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటి మోకాలి కింద అతుక్కుంటారు. బైసెప్స్‌లో పొట్టి పాయ ఒక్కటే తొడ ఎముక నుంచి మొదలవుతుంది. అంటే నేను రోజుకు పది గంటలు నా హ్యామ్‌స్ట్రింగ్ పుట్టిల్లు మీదే కూర్చుంటున్నానన్నమాట. పలకరించిన పాపాన పోలేదు.

నేలను గట్టిగా తన్నినప్పుడు అది తెగి ఉంటుందనుకున్నాను. ఎక్కువసార్లు అలా కాదట. వేగంగా పరిగెత్తేటప్పుడు కాలు గాలిలో ముందుకు వెళ్తుంది, మోకాలి కింది భాగం కొరడాలా విసురుగా చాచుకుంటుంది. పాదం నేలను తాకే ముందు ఆ విసురును ఎవరో ఒకరు ఆపాలి. ఆపేది హ్యామ్‌స్ట్రింగే. తను సాగిపోతూనే, అదే సమయంలో పట్టి లాగాలి. ముగ్గురిలో ఎక్కువగా సాగేది బైసెప్స్ పొడుగు పాయ, పరుగులో ఎక్కువగా చిరిగేదీ అదే. నేనేమో మూడేళ్లు ముందు తొడకు మేపు వేసి, ఆ విసురును ఆపేవాణ్ణి పస్తు పెట్టాను.

2017లో లండన్ ప్రపంచ చాంపియన్‌షిప్ రిలేలో, తన ఆఖరి పందెంలో, ఉసేన్ బోల్ట్ ఎడమ తొడ వెనక పట్టుకుని ట్రాక్ మీద కూలబడ్డాడు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ సెమీఫైనల్లో బ్రిటన్ పరుగువీరుడు డెరెక్ రెడ్మండ్‌కూ హ్యామ్‌స్ట్రింగే తెగింది, తండ్రి ఆసరాతో గీత దాటాడు. వాళ్లు అద్దం చూసుకుని చెడిపోయారని అనను. వాళ్లంత వేగంగా పరిగెత్తకుండానే వాళ్ల స్థాయి గాయాన్ని సాధించానని మాత్రం కొంచెం గర్వంగా ఉంది.

"రోజూ స్ట్రెచింగ్ చేసేవాణ్ణి మేడమ్" అన్నాను. "సాగదీస్తే సాగుతుంది. సాగుతూ బరువు ఆపడం వేరే విద్య" అన్నారావిడ. ఆ విద్య పేరు నార్డిక్. మోకాళ్ల మీద నిలబడి, మడమలను బార్ కింద ఇరికించి, వీపు వంచకుండా ఒళ్లంతా నెమ్మదిగా ముందుకు వాల్చడం. అంతే. వినడానికి పూజలా ఉంటుంది. మొదటి రోజు సగం కూడా వాలకముందే ధబాలున మ్యాట్ మీద పడ్డాను. మర్నాడు కుర్చీలోంచి లేవడానికి టేబుల్ సాయం కావాల్సొచ్చింది. అందుకే వారానికి కొద్దిపాటి సంఖ్యతో మొదలుపెట్టమన్నారు. దీన్ని క్రమంగా చేసిన జట్లలో ఈ గాయాలు దాదాపు సగానికి తగ్గాయని పరిశోధనలు చెబుతున్నాయట. నొప్పి తగ్గింది కదా అని మానేస్తే మాత్రం కుదరదు. ఒకసారి చిరిగిన కండరం మళ్లీ చిరిగే అవకాశం, ఎప్పుడూ చిరగనిదానికన్నా ఎక్కువ. నార్డిక్‌తో పాటు, తుంటి దగ్గర వంగి బరువెత్తే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ కూడా నా చీటీలో చేరింది.

పిక్క విషయంలోనూ ఇదే మోసం. పైకి ఉబ్బి కనిపించే గ్యాస్ట్రోక్నీమియస్‌ని చూపిస్తారు, దాని కింద పరుగు భారం మోసే సోలియస్‌ని దాచేస్తారు. అది మోకాలిని దాటదు. అందుకే దానికి పని పెట్టాలంటే మోకాలు మడిచి మడమలెత్తాలి. తమరి ముందు ఎప్పుడూ నిటారుగానే నిలబడ్డాను, ఎత్తు కనిపిస్తుందని. పిక్కబలం చూపించాల్సిన రోజున చూపించడానికి ఏముంటుంది మరి?

ఇంకో సంగతి. పరుగంటే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి గెంతడమే. ఒంటికాలి మీద ఉన్నప్పుడు నడుము ఓ పక్కకి ఒరగకుండా తుంటి పక్కనుండే గ్లూటియస్ మీడియస్ ఆపుతుంది. తమరి ముందు నేనెన్నడూ ఒంటికాలి మీద నిలబడలేదు. ఫొటో వంకరగా వస్తుంది.

ప్రస్తుతం నార్డిక్స్ తమరికి ఎదురుగానే చేస్తున్నాను, కాకపోతే మొహం అటు తిప్పుకుని. తమరికి కనిపించేది నా అరికాళ్లు మాత్రమే. ఎడమ సాక్సుకి చిల్లు పడినట్టు అనుమానంగా ఉంది, చూసి చెప్పగలరు.

ఇట్లు,
తమరి పాత అభిమాని