శాలువాకు చిల్లర ఉందా?

పోయిన వారం ఒక సాంస్కృతిక సంస్థ కార్యదర్శిగారు ఫోన్ చేశారు. సంస్థ పేరెందుకులెండి, మీ ఊళ్లో ఉన్నదే. "కళ, సంసారం: సమతుల్యత సాధించడం ఎలా?" అన్న అంశం మీద ఆదివారం సదస్సు పెట్టారట. బొమ్మలు వేసుకుంటూనే ఇల్లెలా నడుపుకోవాలో యువ చిత్రకారులకు నేను వచ్చి చెప్పాలట. సరేనండీ, పారితోషికం ఎంత అని అడిగాను. అవతల మాట ఆగిపోయింది. కాసేపటికి ఆయనే తేరుకుని, "అయ్యో, శాలువా ఉంటుంది కదండీ!" అన్నారు. నాకు శాలువా మీద నమ్మకం లేదేమోనని బాధపడ్డట్టున్నారు. "మెమెంటో కూడా" అని కలిపారు.

తెలుగునాట బతుకుతున్న కళాకారుడికి శాలువా గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. అయినా ఆ వస్త్రాన్ని ఎవరో ఒకరు శాస్త్రీయంగా పరిశీలించాలి కదా. చలికాలంలో కప్పుకుంటే చలి ఆగదు, మే నెలలో కప్పితే చెమట ఆగదు. తడి పీల్చదు కాబట్టి గచ్చు తుడవడానికి పనికిరాదు. దుప్పటికి చాలదు, తువ్వాలుకు ఎక్కువ. ఇస్త్రీ పెట్టె తగిలిందా, జరీ అనబడే ఆ ప్లాస్టిక్ దారం ముడుచుకుపోయి గుత్తి కడుతుంది. ఫొటో తీసే ఆ ఒక్క క్షణం కోసమే నేసిన గుడ్డ అది. ఆ క్షణం అయిపోయాక దాన్ని ఏం చేసుకోవాలో నేసినవాడికే తెలియదు. కొన్ని సభల్లో ఫొటో అవగానే నెమ్మదిగా వెనక్కి తీసుకుంటారు కూడా, తర్వాతి వరసలో ఇంకో ముగ్గురు మహానుభావులు ఉంటారు కాబట్టి.

సంస్థల దగ్గర డబ్బుల్లేవని మాత్రం అనకండి. హాలు అద్దె ముందే కట్టారు, లేకపోతే తాళం తియ్యరు. టెంట్ హౌస్ ఆయన అడ్వాన్సు చేతిలో పడందే కుర్చీ కింద దింపడు. ఫ్లెక్సీకి అడుగుకింత, భోజనానికి ప్లేటుకింత, వీడియో వాళ్లకు గంటకింత. మైకు కుర్రాడి దగ్గరికి వెళ్లి "బాబూ, నీ సేవలకు వెల కట్టలేం" అని ఒక శాలువా కప్పి చూడండి. ముఖ్య అతిథి ప్రసంగం మధ్యలో వైర్లు పీక్కుని ఇంటికెళ్తాడు. ఆ కుర్రాడంటే నాకు గౌరవం. ఈ మొత్తం సభలో వెల కట్టలేనిది నా పని ఒక్కటే. కట్టలేనిది కాబట్టే కట్టరు.

దీని మీద నేను తీవ్రంగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. కళాకారుడికి ఇచ్చే ద్రవ్యాన్ని మార్చడం మన తరం కాదు. కాబట్టి మిగతా సమాజం చేత ఆ ద్రవ్యాన్నే తీసుకునేలా చేయాలి. శాలువాను చట్టబద్ధంగా చెలామణిలోకి తేవాలని రిజర్వ్ బ్యాంకు వారికి ఈ కాలమ్ ద్వారా విన్నవించుకుంటున్నాను. నోటు మీద ఉండేది మాత్రం ఏమిటి? ఇంత మొత్తం చెల్లిస్తానని గవర్నరుగారి వాగ్దానం. వాగ్దానాల్లో మన సాంస్కృతిక సంస్థలు రిజర్వ్ బ్యాంకుకు ఏ మాత్రం తీసిపోవు.

ఒకటో తారీఖు ఉదయం ఎలా ఉంటుందో ఊహించుకోండి. బీరువా తీసి నాలుగు శాలువాలు సంచిలో పెట్టుకుని కిరాణా కొట్టుకు వెళ్లాను. సోనామసూరి బస్తా, కందిపప్పు, నూనె ప్యాకెట్లు. ఎంతయిందండీ?

"రెండు శాలువాలు, ఒక మెమెంటో సార్."

ఇచ్చాను. కొట్టాయన మొదటి శాలువాను వెలుతురుకు ఎత్తి పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఎవరు కప్పారు సార్?"

"మంత్రిగారు."

"స్వయంగానా?"

"ఆయన తొందరగా వెళ్లిపోవాల్సొచ్చి పీఏగారు కప్పారు."

"అయితే సగం ధరే సార్. పోనీ ఫొటో ఉందా?"

ఫొటో ఉంది. అందులో పీఏ ఉన్నారు, శాలువా ఉంది, వెనక ఫ్లెక్సీ మీద మంత్రిగారు నిలువెత్తున ఉన్నారు. నేను మాత్రం బొకే వెనక ఉన్నాను. కొట్టాయన జాలిపడి దాన్ని ముప్పాతిక ధరకు లెక్కేశాడు. రెండోదాన్ని చూడగానే పక్కన పెట్టేశాడు.

"ఇది చెల్లదు సార్. పాత ప్రభుత్వంలోది."

ఈ ద్రవ్యంతో వచ్చే చిక్కు ఇదే. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్ల రద్దుతో అందరికీ ఒకేసారి దెబ్బ తగిలింది. ఆ తర్వాత నోట్ల సంగతి కుదుటపడింది. శాలువాలకు అలా కాదు. 2023 డిసెంబరులో తెలంగాణ ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం నా బీరువాలో పై అర మొత్తం విలువ పోయింది. కింది అరకు 2024 జూన్‌లో ఆంధ్ర ఫలితాలతో ఆ ముచ్చట తీరింది. మార్చుకోవడానికి ఏ బ్యాంకూ గడువివ్వలేదు.

సరే, సినిమా హీరో కప్పినదొకటి అడుగున దాచుకున్నాను, అది తీసి ఇచ్చాను. పెద్ద నోటు. కొట్టాయన తల గోక్కున్నాడు. "దీనికి చిల్లర లేదు సార్" అని వెతికి వెతికి రెండు పార్టీ కండువాలు చేతిలో పెట్టాడు. రెండూ రెండు రంగులు. రెండూ ఒకే నాయకుడివట.

అక్కడి నుంచి స్కూలుకు. ఫీజు కౌంటర్లో అమ్మాయి తల ఎత్తకుండానే "శాలువాలు తీసుకోమండీ, ఆన్‌లైన్ ఓన్లీ" అంది. ఆన్‌లైన్ అంటే ఈ-సర్టిఫికెట్ అన్నమాట. కరోనా రోజుల్లో జూమ్‌లో జరిగిన సన్మానాలకు పీడీఎఫ్‌లు వచ్చాయి కదా, అవి. నా పేరు తప్పుగా పడినవి చెల్లవట. అంటే ఏవీ చెల్లవు. ఇంటి ఓనరుగారికి అద్దె కింద మెమెంటోగా వచ్చిన కాకతీయ తోరణం ఇస్తే, "ఇప్పటికి నాలుగు తోరణాలున్నాయండీ, వీలుంటే ఒక బొబ్బిలి వీణ ఇప్పించండి" అన్నారు. కరెంటు బిల్లు క్యూలో నా ముందున్నది ఒక హరికథ భాగవతార్ గారు. ఆయన చేతిలో సంచి చూశాక మాట్లాడుకోవాల్సింది ఏమీ లేకపోయింది.

నవ్వుతున్నారు కానీ, బొమ్మను ఆస్తిగా గుర్తించిన ప్రభుత్వ శాఖ ఒకటుందని మీకు తెలుసా? ఆదాయపు పన్ను శాఖ. బంధువులు కానివాళ్లు ఉచితంగా ఇచ్చిన వస్తువుల విలువ ఏడాదిలో 50,000 రూపాయలు దాటితే పన్ను పడుతుంది. ఏ వస్తువులకు అన్న జాబితాలో నగలు, బంగారంతో పాటు చిత్రాలు, శిల్పాలు స్పష్టంగా ఉన్నాయి. శాలువా లేదు. ఎన్ని శాలువాలు కప్పించుకున్నా ఎవరూ నోటీసు పంపరు. అంటే బొమ్మ విలువెంతో, శాలువా విలువెంతో పన్ను అధికారికి తేడా తెలుసు. తెలియనిది కళాపోషకులకే.

ఇంతకీ ఆ సదస్సులో నన్ను ఏం చెప్పమన్నారో కార్యదర్శిగారు వాట్సాప్‌లో పంపారు. తెల్లవారుజామున 5 గంటలకు లేవాలి. రోజుకు ఒక గంట కళకు కేటాయించాలి. ఉద్యోగం, కుటుంబం, కళ మూడింటినీ సమానంగా చూసుకోవాలి. మహిళా కళాకారులకు విడిగా ఇంకో సెషన్, 11 గంటలకు. వంట చేసుకుని రావడానికి వీలుగా అట. ఆ వంట సంగతి ఏ సెషన్‌లోనూ లేదు, వెతికాను.

రోజుకు ఒక గంట! శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ల దగ్గర ఈ మాట అనండి. బట్టను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టాలి, ఎండబెట్టాలి. నలుపు రంగు కావాలంటే తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి ఊరనివ్వాలి. దాన్నే కసిం అంటారు. రంగుకు రంగుకు మధ్య పారే నీళ్లలో ఉతకాలి, మళ్లీ ఎండాలి. కసిం ఆఫీసు టైం చూసుకుని ఊరదు. చేర్యాలలో నకాషీ పటం వేయాలంటే బొమ్మ మొదలవ్వడానికి ముందే ఖాదీ బట్టకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పూత మీద పూత పట్టించాలి. ఒక పూత ఆరందే ఇంకొకటి వేయకూడదు. ఆ ఆరే సమయంలో ఇంటికి వచ్చిన చుట్టాలు వాళ్లను చూసి ఏమనుకుంటారో చెప్పనా? "ఖాళీగానే ఉన్నారు కదా, కాస్త గ్యాస్ బుక్ చేసి పెట్టండి." మా అపార్ట్‌మెంట్‌లో ఉన్న కొరియర్లన్నీ మా ఫ్లాట్‌కే వస్తాయి. ఇంట్లో పనిచేసే మనిషి ఇంట్లో ఉంటాడు కాబట్టి పని చెయ్యడని జనం నమ్మకం.

కాపు రాజయ్యగారి పేరు ఇలాంటి సభల్లో తప్పకుండా ఎత్తుతారు, పల్లె జీవితాన్ని బొమ్మల్లోకి తెచ్చిన మహానుభావుడని. నిజమే. ఆయన సిద్దిపేటలో డ్రాయింగ్ టీచరుగా పనిచేశారన్నది కూడా నిజమే. బడి కాబట్టి నెల తిరిగేసరికి జీతం ఇచ్చి ఉంటుంది కానీ, శాలువా కప్పి పంపి ఉండదు. సమతుల్యతా రహస్యం ఏమైనా ఉంటే అదే. అయిదింటికి లేచారా, ఏడింటికి లేచారా అన్నది ఎవరికి కావాలి?

శ్రీనాథుడి కనకాభిషేకం సంగతి కూడా వేదిక మీద తప్పకుండా వస్తుంది. ప్రౌఢదేవరాయల సభలో దీనార టంకాలతో స్నానం చేయించారని మైకు అదిరేలా చెబుతారు. అక్కడితో ఆపేస్తారు. అదే శ్రీనాథుడు చివరి రోజుల్లో బొడ్డుపల్లెలో పొలం కౌలుకు తీసుకుంటే పంట కొంత కృష్ణ వరద పట్టుకుపోయి, మిగిలింది పిట్టలు తినిపోయి, ఏడు వందల టంకాల శిస్తు కట్టలేక ఎండలో నిలబడ్డాడని చాటు పద్యాలు చెబుతాయి. ఆ పద్యాలు ఇదే వక్తలకు కంఠతా వచ్చు. శాలువా కప్పే సమయానికి మాత్రం గుర్తుకు రావు. ఆయనకు సమయ నిర్వహణ రాలేదంటారా? కవిసార్వభౌముడు అయిదింటికి లేవలేదంటారా?

అది అయిదారు వందల ఏళ్ల నాటి మాటలే అనుకుందాం. దర్శనం మొగులయ్యగారి సంగతి నిన్న మొన్నటిది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే చేతులు ఎన్ని మిగిలాయని లెక్కపెట్టాల్సిన కాలంలో వాయించిన మనిషి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. పద్మ పురస్కారంతో డబ్బు రాదు, పతకం, రాష్ట్రపతి సంతకం చేసిన పత్రం వస్తాయి. ఆయన్ను సన్మానించడానికి ఎంతమంది ఎగబడ్డారో అందరం చూశాం. 2024 వేసవిలో ఆయనే హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో ఇల్లు కడుతున్న చోట కూలి పని చేస్తూ కనిపించారు. నెలనెలా వచ్చే గౌరవ భృతి ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నారు. అప్పుడు టీవీల్లో, ఫోన్లలో ఒకటే గోల, "పద్మశ్రీ గ్రహీత కూలీగానా! ఎంత అవమానం!" అని.

ఎవరికయ్యా అవమానం? కూలి పనిలో అవమానం ఏముంది? ఆ మేస్త్రీ సాయంత్రం అయ్యేసరికి కూలి లెక్కగట్టి చేతిలో పెడతాడు. "మీ సేవలకు వెల కట్టలేం" అని కండువా కప్పి, ఫొటో దిగి, కారెక్కి వెళ్లిపోడు. డెబ్భై ఏళ్లు దాటిన మనిషి తట్ట మోస్తే కనీసం డబ్బులొస్తాయని, కిన్నెర వాయిస్తే రావని తెలుసుకున్నాడంటే, ఆయన కప్పుకున్న ప్రతి శాలువా కప్పిన వాళ్ల ముఖాన కొట్టాలి. ఆయన మెడలో దండ వేసి ఫొటో పెట్టుకున్నవాళ్లు ఆ వీడియో చూశాక కూడా ఆ ఫొటోలు తీసెయ్యలేదు. సిగ్గుండాలి. "కళాకారులకు డబ్బు మీద ఆశ ఉండకూడదండీ" అని పెద్దమనిషి తరహాలో చెప్పేవాడి జీతం ఒక నెల ఆపి చూడండి, రెండో తారీఖుకే ధర్నాకు కూర్చుంటాడు. మాకేమో సమతుల్యత మీద పాఠాలు! సంసారం ఎలా నడపాలో మాకు తెలియక కాదు. చేసిన పనికి డబ్బులివ్వకుండా మీరు మీ సభలు ఎలా నడుపుతున్నారో తెలిసే, మేం ఇంకో పని చూసుకుంటున్నాం.

సదస్సుకు రానని చెప్పేశాను. కార్యదర్శిగారు నొచ్చుకోలేదు. వేరే ఒకరిని మాట్లాడుకున్నారట, ఆయన శాలువా కూడా తనే తెచ్చుకుంటారట.

ఎటూ కోపంలోనే ఉన్నాను కాబట్టి ఇంకో పని కూడా చక్కబెట్టుకుంటాను. నిరుడు ఉగాది ప్రత్యేక సంచికకు ముఖచిత్రం వేయించుకున్న సంపాదకులు ఒకాయన ఈ కాలమ్ వదలకుండా చదువుతారని విన్నాను. నెమలి బాగా వచ్చిందని, మెడ దగ్గర నీలం ఇంకాస్త ముదురు చేయమని, మళ్లీ లేత చేయమని అర్ధరాత్రి వరకు మెసేజ్‌లు పెట్టిన వారే. సంచిక వచ్చింది, ఆవిష్కరణ అయింది, నెమలి కింద నా పేరు లేదు, సరే. బిల్లు అప్పుడే పంపాను. నా ఫోన్ నంబరు మారలేదు, యూపీఐ దానికే ఉంది. శాలువా మాత్రం పంపొద్దు.