జారుడు సరే, ఉప్పు సంగతో?
క్వాసీక్రిస్టల్ పూత వేసిన పెనానికి ఏదీ అంటుకోదు, కాబట్టి రేపటి వంటింటికి అదే సరైనదని ఒక వ్యాసంలో రాశారు. మొదటి సగం ఒప్పుకుంటాను, రెండో సగం దగ్గరే నాకు పేచీ. మామూలు లోహంలో పరమాణువుల అమరిక ఒకే వరసలో మళ్లీ మళ్లీ వస్తుంది. 1982లో శాస్త్రవేత్త డాన్ షెక్ట్‌మన్ అల్యూమినియం-మాంగనీస్ మిశ్రమంలో చూసింది వేరు: క్రమం ఉంది, కానీ అదే వరస తిరిగి రాదు. క్వాసీక్రిస్టల్ అంటే ఇదే. దీనికీ జారుడుకీ సంబంధం ఉందని 2005లో అమెరికాలోని బర్క్‌లీ ప్రయోగశాలలో చేసిన పరీక్ష భలేగా చూపించింది. వాళ్లు తీసుకున్న అల్యూమినియం-నికెల్-కోబాల్ట్ క్వాసీక్రిస్టల్‌లో ఒక దిశలో వరస రిపీట్ అవుతుంది, దానికి అడ్డంగా అవ్వదు. శూన్యంలో ఆ ఉపరితలం మీద సన్నటి మొనతో గీస్తే, రిపీట్ అయ్యే దిశలో ఘర్షణ రెండో దిశకన్నా దాదాపు ఎనిమిది రెట్లు వచ్చింది! ముక్క అదే, దిశ మారిందంతే. ఇక పెనం మాట. ఫ్రాన్స్‌లో సైబర్‌నాక్స్ పేరుతో ఇలాంటి పెనాలు నిజంగానే అమ్మకానికి పెట్టారు. గట్టిదనానికి ఢోకా లేదు, గరిటె గీతలకు లొంగదు. కానీ ఉప్పు ఎక్కువ వేసి వండితే ఆ పూతను ఉప్పు తినేసేది. మరి మన వంటల్లో ఉప్పు లేనిది ఏది? చింతపండు పులుసు సంగతి చెప్పనే అక్కర్లేదు. మా ఇంట్లో మామూలు నాన్‌స్టిక్ పెనమే రెండేళ్లకు పెచ్చులూడితే, అటక మీది అమ్మ ఇనప పెనం దించి మళ్లీ దానిమీదే దోసెలు పోస్తున్నాం.