రాయబారి గారూ, పులుసు మర్నాడు బాగుంటుంది

ఆ మధ్య ఉగాది నాడు నాకు అందరికన్నా ముందు శుభాకాంక్షలు చెప్పింది ఒక అగ్రరాజ్యం. నాకింకా తలంటు కూడా కాలేదు. ఫోను తెరిచేసరికి వారి రాయబార కార్యాలయం మామిడాకుల తోరణం, వేపపువ్వు, మట్టిపిడతలో పచ్చడితో, అచ్చ తెలుగులో "మీకు, మీ కుటుంబ సభ్యులకు" అంటూ గుమ్మంలో నిలబడి ఉంది. మా బావకు రెండో స్థానం దక్కింది. ఆయన పంపిన బొమ్మ అడుగున ఒక నగల దుకాణం పేరు కూడా ఉంది కాబట్టి నిజానికి మూడో స్థానమే అనాలి.

ఒక దేశం నన్ను గుర్తు పెట్టుకుందన్న సంబరంలో కింద జనం ఏం రాశారో చూశాను. మొదటి వ్యాఖ్య: "వీసా ఇంటర్వ్యూ స్లాట్లు ఎప్పుడు తెరుస్తారు సార్?" రెండోది: "సార్, స్లాట్." మూడో వ్యక్తి కాస్త సంస్కారం ఉన్నవాడు: "ఉగాది శుభాకాంక్షలు సార్. స్లాట్." షడ్రుచుల్లో చేదు ఎక్కడుందని వెతుక్కోవలసిన పని లేకపోయింది.

దౌత్యం మీద నా పాండిత్యం నెల్లూరు మద్రాసు బస్టాండు దగ్గర టీ కొట్టులో గడించినదే. అయినా బాధ్యత గల పౌరుడిగా వియన్నా ఒప్పందం తిరగేశాను. 1961 నాటి ఆ ఒప్పందం మూడో అధికరణంలో రాయబారులకు ఐదు పనులు చెప్పారు. సొంత దేశం తరఫున నిలబడాలి, తమవారి ప్రయోజనాలు కాపాడాలి, సంప్రదింపులు జరపాలి, ఆతిథ్య దేశంలో ఏం జరుగుతోందో చట్టానికి లోబడి తెలుసుకుని ఇంటికి రాయాలి, స్నేహం పెంచాలి. పండగ శుభాకాంక్షల మాట గానీ, దోసె మాట గానీ ఎక్కడా లేదు. 1965లో ఎడ్మండ్ గలియన్ అనే మాజీ దౌత్యవేత్త ఒకాయన, ప్రభుత్వాలను దాటి నేరుగా పరాయి దేశపు ప్రజలను మచ్చిక చేసుకునే విద్యకు పబ్లిక్ డిప్లొమసీ అని పేరు పెట్టాడు. దోసె ఆ తలుపు తీసుకుని లోపలికి వచ్చింది.

వచ్చి ఊరుకుందా? 2021లో బ్రిటిష్ హైకమిషనర్ అలెక్స్ ఎల్లిస్ బెంగళూరులో మసాలా దోసె ముందు కూర్చుని, దీన్ని చెంచాతో తినాలా, చేత్తో తినాలా అని ట్విట్టర్‌లో ప్రజాభిప్రాయం సేకరించారు. చేతికి 92 శాతం ఓట్లు పడ్డాయి. ఆయన ప్రజాతీర్పుకు తలవంచి చేత్తో తిని, రుచి అలాగే బాగుందని ప్రకటించారు. రెండు వందల ఏళ్లు ఈ దేశాన్ని ఏలినప్పుడు ఒక్క విషయంలోనూ మన ఓటు అడగని వారు దోసె దగ్గర అడిగారంటే, ప్రజాస్వామ్యం ఎంత దూరం వచ్చిందో గమనించాలి. 2023 ఫిబ్రవరిలో దక్షిణ కొరియా రాయబార కార్యాలయం సిబ్బంది, రాయబారితో సహా, ఆస్కార్ బరిలో ఉన్న మన తెలుగు పాటకు చిందులేశారు. అదే ఏడాది జూన్‌లో జపాన్ రాయబారి సుజుకి గారు పుణె వీధుల్లో భార్యతో కలిసి చిరుతిళ్లు తిని, కారం తినడంలో ఆవిడ తనను ఓడించిందని రాసుకున్నారు. ఓడినా బాధ పడనక్కర్లేని పోటీ ఇది అని సాక్షాత్తూ ప్రధానమంత్రి ఓదార్చారు.

ఇదంతా చూసి నెల్లూరు వాడికి రగలకుండా ఎలా ఉంటుంది? బెంగళూరు దోసెకు దౌత్య హోదా, పుణె చిరుతిండికి దౌత్య హోదా. పెన్నా ఒడ్డున మేమేం పాపం చేశాం? మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు పక్కన నిలబడి ఫొటో దిగిన రాయబారి ఇంతవరకు నా కంట పడలేదు. చాలాకాలం దీన్ని వివక్షగానే భావించాను. ఒక ఆదివారం స్వయంగా ప్రయోగం చేశాక కారణం బోధపడింది. కుడి చెయ్యి మణికట్టు దాకా పులుసులో ఉంటుంది. బొమ్మిడాయిలో వెన్నుముల్లు జారకుండా పట్టుకోవడానికి నాలుక, పెదవులు, రెండు దవడలు పనిలో ఉంటాయి. అదే సమయంలో ఎడమ చేత్తో ఫోను ఎత్తి పట్టి, రెండు దేశాల మైత్రి కళ్లలో మెరిసేలా నవ్వడం మానవమాత్రుడికి సాధ్యం కాదు. నేను నవ్వాను. ముల్లు గుచ్చుకుంది. మా ఆవిడ ఉత్తన్నం ముద్దలు చేసి మింగించింది. ఇంకో చిక్కు కూడా ఉంది. చేపల పులుసు వండిన రోజు కన్నా మర్నాడు బాగుంటుంది. ఏ రాయబారి అయినా అంతవరకు ఆగుతాడా? ఆయన ఫొటో ఇవాళే పడాలి.

అన్నీ తిండి ముచ్చట్లే అనుకోవద్దు. ఈ సామాజిక మాధ్యమాలతో పోట్లాడుకోవడమూ తెలుసు వారికి. 2018లో బ్రిటన్ 23 మంది రష్యా దౌత్యవేత్తలను వెళ్లగొడితే, లండన్‌లోని రష్యా రాయబార కార్యాలయం ఒక థర్మామీటరు బొమ్మ పెట్టి, మన సంబంధాల ఉష్ణోగ్రత మైనస్ 23కి పడిపోయింది, మాకు చలి భయం లేదు అని రాసింది. (మా ఊరి థర్మామీటరు మే నెలలో ఎవరైనా ఇలా పెడితే మూడో ప్రపంచ యుద్ధం మొదలైందనుకుంటారు.) అప్పుడప్పుడు తాళం చెవి కూడా జారిపోతుంది. 2021 డిసెంబరులో సెర్బియాలోని పాకిస్తాన్ రాయబార కార్యాలయం ఖాతాలో, మాకు మూడు నెలలుగా జీతాల్లేవు మహాప్రభో అని ఒక మొర ప్రత్యక్షమైంది. ఖాతాను ఎవరో దొంగిలించారని వారి విదేశాంగ శాఖ వివరణ ఇచ్చింది. నేను చదివిన దౌత్య సందేశాలన్నింటిలోనూ మనసుకు హత్తుకున్నది అదొక్కటే.

నన్ను అడిగితే అసలు దౌత్యం పైన బొమ్మలో లేదు, అడుగున జనం రాసేదాంట్లో ఉంది. 2024 ఫిబ్రవరిలో చైనాలోని అమెరికా రాయబార కార్యాలయం అక్కడి వీబో అనే సామాజిక మాధ్యమంలో జిరాఫీల సంరక్షణ గురించి ఒక ముక్క రాసింది. అప్పుడు చైనా షేర్ మార్కెట్ కుప్పకూలి ఉంది. సొంత దేశంలో గొంతెత్తడానికి చోటు దొరకని మదుపరులు వేలకు వేలుగా వచ్చి ఆ జిరాఫీ కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చారు. పాపం, జిరాఫీ ఏం చేస్తుంది? మెడ పొడుగే గానీ దానికి పలుకుబడి లేదు.

మా విడవలూరు వైపు రొయ్యల రైతులకు ఆ మాత్రం జిరాఫీ కూడా దొరకలేదు. మన రొయ్యలకు అప్పటికి అతి పెద్ద గిరాకీ అమెరికాయే. 2025 ఆగస్టు 27న ఆ దేశం మన సరుకుల మీద సుంకం 50 శాతానికి చేర్చింది. ఆ రోజే వినాయక చవితి. ఫోను నిండా విఘ్నాలు తొలగాలని దీవెనలు. నాకు తెలిసిన ఒక రైతు చెరువు గట్టున కూర్చుని, ఒక చేత్తో ఆ రోజు కౌంట్ ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి కట్టే ధర) చూసుకుంటూ, రెండో చేత్తో ఏ దేశానిదో ఒక చవితి శుభాకాంక్షల కింద, "మా వెనామీ రొయ్యల సంగతి కూడా కాస్త చూడండి సార్" అని రాశాడు. కాసేపటికి అవతల నుంచి ఒక గుండె గుర్తు వచ్చింది. "గుండె పెట్టారంటే ఆలోచిస్తున్నట్టేనా?" అని నన్ను అడిగాడు. దౌత్య పరిభాషలో దాని అర్థం లోతైనది, తొందరపడి వ్యాఖ్యానించకూడదు అని చెప్పాను. చెరువు నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి, కరెంటు బిల్లు కూడా.

ఇక్కడ మా జిల్లాల ప్రతిష్ఠ గురించి ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. పబ్లిక్ డిప్లొమసీ అనే మాట పుట్టకముందే, పంతొమ్మిదో శతాబ్దంలోనే, మేము బ్రెజిల్‌కు రాయబారులను పంపాం. ఒంగోలు గిత్తలు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది, ప్రకాశం జిల్లా 1970లో వచ్చింది. అందుకే బ్రెజిల్ వారు ఆ జాతికి నెలోరి అని మా ఊరి పేరు పెట్టుకున్నారు. ఒంగోలు మిత్రులకు దీని మీద ఇప్పటికీ కొంత కినుక ఉంది, అది న్యాయమే. ఆ గిత్తలు ఒక్క పండక్కి కూడా శుభాకాంక్షలు చెప్పలేదు. సాంబా నృత్యం చేయలేదు. గడ్డి తిన్నాయి, సంసారం చేశాయి, మూపురం ఎత్తుకుని నడిచాయి. ఇవాళ ఆ దేశపు పశుసంపదలో సింహభాగం వాటి సంతతే. 2023లో వియాటినా-19 అనే నెలోరి ఆవుకు వేలంలో సుమారు 43 లక్షల డాలర్ల విలువ కట్టారు. ఆవిడకు సామాజిక మాధ్యమాల్లో ఖాతా ఉందో లేదో నేను విచారించలేదు.

ఎద్దును పంపడం తేలికే. మనిషిని పంపాలంటేనే ఇప్పుడు ఖాతాల లెక్క చెప్పాలి. అమెరికా వీసా దరఖాస్తు డీఎస్-160లో గత ఐదేళ్లుగా వాడిన సామాజిక మాధ్యమ ఖాతాలన్నీ రాయమని 2019 నుంచే అడుగుతున్నారు. 2025 జూన్‌లో, విద్యార్థి వీసా కోరేవారు ఆ ఖాతాల తలుపులు బార్లా తెరిచి పబ్లిక్‌గా ఉంచాలని కూడా ప్రకటించారు. పళ్లబుట్టతో వచ్చిన మగపెళ్లివారు వీధి అరుగు మీద కబుర్లు చెబుతూనే, పెరట్లో అంట్లు ఎలా తోమారో చూసినట్టు.

ఆ వారంలోనే దర్గామిట్టలో మా అక్కయ్య ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ ఉన్నతస్థాయి సమావేశం జరిగింది. అమెరికా చదువుకు వీసా కోరుతున్న మేనల్లుడి ఐదేళ్ల జీవితం బల్ల మధ్యలో ఫోను మీద పరిచాం. 2022లో వాడొక హీరో అభిమానులను అడ్డంగా నరికేస్తానని శపథం చేసి ఉన్నాడు. "ఇది హింస కిందికి వస్తుందా, కళాభిమానం కిందికి వస్తుందా?" అని బావ అడిగారు. ట్రంకు రోడ్డులో తిన్న బిర్యానీని బాంబు అని పొగిడిన పోస్టు ఒకటి దొరికింది. అక్కయ్య ముఖం పాలిపోయింది. వాడి పుట్టినరోజు ఫొటో కింద మా పెదనాన్న గారు అమెరికా సామ్రాజ్యవాదం మీద పన్నెండు పాదాల పద్యం రాసి ఉన్నారు. తీసేయమని అడగడానికి ఫోను చేస్తే, ఆయన ఇంకో నాలుగు పాదాలు చేరుస్తానన్నారు.

"మొత్తం తుడిచేయరా" అన్నారు బావ చివరికి.

"ఖాళీగా ఉంటే ఇంకా అనుమానిస్తారు నాన్నా" అన్నాడు వాడు.

కాబట్టి ఏదో ఒకటి ఉండాలి, ఆ ఉన్నది ఎవరినీ నొప్పించకూడదు. తిండి, పండగ, సూర్యాస్తమయం, శుభాకాంక్షలు. రాత్రి పదింటికి సమావేశం ముగిసేసరికి మా మేనల్లుడి ఖాతా అచ్చం ఒక రాయబార కార్యాలయం ఖాతాలా తయారైంది.

జులైలో రొట్టెల పండుగ వచ్చింది. బారాషహీద్ దర్గా అక్కయ్య వాళ్ల వీధికి నాలుగడుగులే. స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతున నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటున్నారు: ఆరోగ్య రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె. కోరిక తీరినవారు తెచ్చి ఇస్తారు, కోరుకునేవారు తీసుకుంటారు, తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. అక్కయ్య చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, "విదేశీ రొట్టె ఎవరి దగ్గరుందమ్మా" అని అడుగుతూ నీళ్లలోకి దిగింది. ముసుగు వేసుకున్న ఒకావిడ పిలిచింది. తన కొడుకు వెళ్లి రెండేళ్లయిందట, ఇప్పుడు ఉద్యోగం కూడా వచ్చిందట. సగం రొట్టె తుంచి అక్కయ్య చేతిలో పెట్టి, ఎవరి బిడ్డ, ఏం చదువు, ఏ ఊరు అని ఒక్కటీ అడగకుండా, వాడు బాగుండాలని తల మీద చెయ్యి పెట్టింది.

ఇద్దరినీ కలిపి ఫొటో తీద్దామని నేను ఫోను పైకెత్తాను.

"తీస్తే తియ్యి గానీ పెట్టకు" అంది అక్కయ్య, రొట్టె కొంగులో కట్టుకుంటూ. "వాళ్లు చూస్తారు."