కామెడీ అన్నకి రెండు పీరియడ్లు ఇవ్వండి

పోయినేడు ఒక కమెడియన్ మా స్కూలుకి ఆరు వారాలు వచ్చి ఏడో తరగతి పిల్లలకి వర్క్‌షాప్ చేశాడు. ఈ ఏడాదీ పిలుద్దామని మొన్న స్టాఫ్ మీటింగ్‌లో అడిగాను. "పిలుద్దాం మేడమ్, యాన్యువల్ డే రోజు ఒక అరగంట నవ్వించి పోతాడు" అన్నారు. ఆ మాట విన్నప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు. అందుకే ఇంత పొడుగు పోస్ట్.

నేను దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఒక ప్రైవేట్ స్కూల్లో తెలుగు చెప్తాను. పదిహేనేళ్లు కావస్తోంది. ఆ కమెడియన్ అబ్బాయి మియాపూర్ నుంచి మెట్రోలో వచ్చేవాడు. సాయంత్రాలు ఓపెన్ మైకులు, అంటే ఎవరైనా మైకు పట్టుకుని జోకులు చెప్పుకునే చోట్లు, పగలు ఇలా స్కూళ్లు. పిల్లలు సార్ అనలేదు, మొదటి రోజు నుంచే "అన్నా" అన్నారు.

రెండో వారం జరిగింది చెప్తాను. ఇరవై రెండు మందిని గుండ్రంగా కూర్చోబెట్టి, తలా ఒక్క మాట చొప్పున కథ చెప్పించాడు. ఒకరు "మా" అన్నారు, పక్కవాళ్లు "తాత". అక్కణ్నుంచి "పొద్దున్నే", "లేచి", "బర్రెను", "తోలుకొని", "లాడ్‌బజార్", "పోయి", "గాజులు", "కొని", "బర్రెకు", "తొడిగి"... వాక్యం ఆగదే! తెలుగులో క్రియ చివర్న వస్తుంది కదా, దాన్ని చెప్పేస్తే ఆట అయిపోతుందని పిల్లలకి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. ఒక్కరూ వాక్యం ముగించరు. లేచి, పోయి, కొని, తొడిగి. క్త్వార్థకం అని నేను ప్రతి ఏడూ బోర్డు మీద రాసి, నిర్వచనం బట్టీ పట్టించే పాఠం అది. అది కళ్లముందు గుండ్రంగా తిరుగుతోంది.

చివర్లో ఒక అమ్మాయి వంతు వచ్చింది. జూన్ నుంచి నా క్లాసులో హాజరు పలకడం తప్ప నోరు విప్పని పిల్ల. కాసేపు ఆగి "ఏడ్చిండు" అంది. అందరూ పగలబడి నవ్వారు. అతను మాత్రం "ఎందుకు ఏడ్చిండు?" అని మెల్లగా అడిగాడు. "నానమ్మకు ఎన్నడూ కొనలే గద" అంది.

గది మొత్తం నిశ్శబ్దం. నేనూ ఏం మాట్లాడలేకపోయాను.

ఇది అరగంట షోలో వస్తుందా? మూడు వందల మంది గ్రౌండ్‌లో, చేతిలో మైకు, జోకుకి జోకు, చప్పట్లు, ఇంటికి. ఆ పిల్ల అక్కడ ఎక్కడో పన్నెండో వరసలో కూర్చుని ఉంటుంది. షో మీద నాకేం కోపం లేదు, అతని షో నేనూ డబ్బులు పెట్టి చూశాను. కానీ షోలో నవ్వించేది అతను. వర్క్‌షాప్‌లో మాట్లాడేది పిల్లలు. ఈ తేడా మా మేనేజ్‌మెంట్‌కి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

"కామెడీ స్టేజీ మీది వ్యవహారం, బడికెందుకు" అనే వాళ్లకి ఒక సంగతి చెప్పాలి. ఈ ఆటలు స్టేజీ మీంచి బడికి రాలేదు. పిల్లల దగ్గర్నుంచే స్టేజీకి వెళ్లాయి. అమెరికాలో, షికాగోలో వయోలా స్పోలిన్ అనే ఆవిడ 1930ల చివర్లో వలస కుటుంబాల పిల్లలతో నాటకాలు వేయించడానికి ఇలాంటి ఆటలు తయారుచేశారు. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష ఉన్న పిల్లలు. ఇలా చెయ్యి, అలా చెయ్యి అని చెప్పే బదులు ఆట ఇస్తే వాళ్లంతట వాళ్లే చేస్తారన్నది ఆవిడ పద్ధతి. ఆవిడ కొడుకు పాల్ సిల్స్ వాటిని పట్టుకెళ్లాడు. 1959లో షికాగోలో మొదలైన సెకండ్ సిటీ అనే పేరున్న కామెడీ థియేటర్ వ్యవస్థాపకుల్లో అతనొకడు.

మనకి మాత్రం కొత్తా ఇది? బుర్రకథలో కథకుడికి ఒకపక్క హాస్యం వంత, ఇంకోపక్క రాజకీయం వంత. కథ నడుస్తుండగానే మధ్యలో అడ్డం పడి అడుగుతారు, కథకుడు అందుకోవాలి. తోలుబొమ్మలాటలో నవ్వించే బొమ్మలు కేతిగాడు, బంగారక్క లేకపోతే రామాయణం కూడా ముందుకి కదలదు. వాటిలో పిల్లల ముందు అనలేని మాటలు చాలానే ఉన్నాయి, కాదనను. కానీ ఎదుటివాడి మాట విని, దాన్ని అందుకుని, ముందుకి తీసుకెళ్లే నేర్పు అక్కడుంది. నేరెళ్ల వేణుమాధవ్ గారి మిమిక్రీకి 2001లో పద్మశ్రీ వచ్చింది. ఇంకా ఇది "టైంపాస్" అంటే నేనొప్పుకోను.

తల్లిదండ్రుల భయం ఒకటుంది, అది న్యాయమైనదే. కామెడీ అంటే మన సినిమాల్లో, టీవీల్లో ఏళ్ల తరబడి ఏం చూశాం? నత్తిని, లావుని, నలుపుని వెక్కిరించడం. పిల్లలూ అదే నేర్చుకుని వస్తారు. మొదటి వారమే ఒకడు పక్కవాడి నత్తిని అనుకరించాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. నేను కేకలేసేదాన్నే. అతను నన్ను ఆపి, ఆట ఆపి, వాడి పక్కన కూర్చుని "వాడు తిరిగి ఏం అనలేడని చేసినవా? నీకంటే పెద్దోళ్లని చెయ్, చూస్తా" అన్నాడు. వాడు ఆలోచించి వాళ్ల నాన్నని చేశాడు. ఇంట్లో సోఫాలో కాళ్లు చాపుకుని, ఫోన్‌లో "అమీర్‌పేట దాటిన, ఐదు నిమిషాలల్ల ఉంట" అనే నాన్న. హైదరాబాద్‌లో ఆ నాన్న లేని ఇల్లుందా! అప్పుడు అందరూ నవ్వారు, ఆ నత్తి ఉన్న పిల్లాడు కూడా. మా నీతి పాఠాల్లో దేనికీ ఇంత పని జరగడం నేను చూళ్లేదు.

ఇక డబ్బుల సంగతి. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెప్తాను. అతనికి ఇస్తామన్న మొత్తం ఇవ్వడానికి మూడు నెలలు తిప్పారు. "పిల్లలతో ఆడుకోడానికి కూడా ఫీజా సార్, మీకూ పేరొస్తది కదా" అని ఆఫీసులో నా ముందే అన్నారు. ఫౌండేషన్ క్లాసులు చెప్పేవాళ్లకి నెల తిరక్కుండా చెక్కు వెళ్తుంది. ఐదో వారం క్లాసు స్లిప్ టెస్టులకని ఎత్తేసి, గంటన్నర ప్రయాణం చేసి వచ్చినవాణ్ని గేటు దగ్గర్నుంచే పంపేశారు. ఆ రోజు అతని మొహం చూడలేకపోయాను.

2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి పుస్తకాల సంచి లేని 10 రోజులు ఉండాలంది. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుల దగ్గర పని నేర్చుకోమంది. కమెడియన్ కళాకారుడు కాడా? తెలుగు తప్పనిసరి అని 2018లో మన రాష్ట్రం చట్టమే చేసింది. పుస్తకంలో తెలుగుంది. కానీ ఇంటి తెలుగుతో నోరు తెరిస్తే "సరిగ్గా మాట్లాడు" అని దిద్దుతాం, ఫింగర్ ఆన్ లిప్స్ అంటాం. ఆ పిల్ల "ఏడ్చిండు" అన్నప్పుడు నా నోటిదాకా "ఏడ్చాడు" వచ్చింది. అననందుకు ఇప్పటికీ సంతోషపడుతున్నాను.

నిన్న కరస్పాండెంట్ గారికి ఉత్తరం రాశాను. ఒక బ్యాచ్‌కి పాతిక మందికి మించొద్దు, వారానికి రెండు పీరియడ్లు వరసగా కావాలి, క్లాస్ టీచర్ కుర్చీలో కాకుండా పిల్లలతో పాటు కింద కూర్చోవాలి, ఫీజు ముందే ఇవ్వాలి. టైం టేబుల్‌లో ఖాళీ లేదంటారని నాకు తెలుసు. శుక్రవారం ఆఖరి రెండు పీరియడ్లు ఏడో తరగతి తెలుగు నాదే. అవి అతనికి ఇచ్చేస్తున్నానని, సిలబస్ నేను పొద్దున్నే ముందొచ్చి పూర్తి చేస్తానని కింద రాసి సంతకం పెట్టాను.