మహారాజశ్రీ కాఫీ కప్పు మూతగారికి

అమీర్‌పేట నుంచి రోజూ హైటెక్ సిటీకి వెళ్లే ఒక ఉద్యోగి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అలవాటు కొద్దీ ఉభయ అన్నాను గానీ కుశలం మీకొక్కరికే. నా నాలుక చివర కాలి మూడు రోజులైంది.

మా ఇంట్లో కాఫీకి మూత ఉండేది కాదండీ. గ్లాసులోంచి డబరాలోకి, డబరాలోంచి గ్లాసులోకి మూరెడు ఎత్తు నుంచి అమ్మ రెండుసార్లు పోస్తే వేడి తగ్గేది, నురగ లేచేది, డికాషన్ వాసన పక్కింటి దాకా వెళ్లేది. ఇప్పుడు వేడంతా మీ కిందే మగ్గుతోంది. బయటికున్న దారల్లా మీ సన్న కన్నం. అందులోంచి ముందు ఏమీ రాదు, తర్వాత అంతా ఒకేసారి వస్తుంది.

లోపలున్నది అరకు కాఫీ అట. 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న గింజ. కొండ మీద గిరిజన రైతులు చెట్ల నీడన పెంచి, పండిన పండునే చూసి చేత్తో కోస్తారు. అంత పని చేసింది నేను చిల్లులోంచి జుర్రుకోవడానికా?

పైగా పేరు టేకవే. ఎక్కడికి తీసుకెళ్లాలి స్వామీ? మెట్రోలో తాగకూడదు. ఆ రూలు సబబే, కాదనను. అందుకే 220 రూపాయల కాఫీని మెట్ల పక్కన నిలబడి కషాయంలా మూడు గుక్కల్లో మింగుతున్నాను.

మరి ఎందుకు కొంటున్నావంటారా? మీరు చేతిలో ఉంటే నాకేదో మీటింగు ఉన్నట్టుంటుంది. ఎదురుగా ఇరానీ హోటల్లో ఒక పెద్దాయన చాయ్ సాసర్లో పోసుకుని తీరిగ్గా ఊదుకుంటుంటాడు. ఆయనకి బోలెడు టైముంది. నిజానికి నాకూ ఉంది, మీ పుణ్యమా అని ఎవరికీ తెలియదు.

మీ కింద ఉండే కప్పుగారి సంగతీ తెలిసింది. పేరుకి పేపరు, లోపల పల్చటి ప్లాస్టిక్ పొర. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు అలాంటి కప్పుల్లో వేడినీళ్లు పోసి పావుగంట ఉంచితే 100 మిల్లీలీటర్లలో సుమారు 25,000 ప్లాస్టిక్ రేణువులు తేలాయి. చక్కెర వేయమంటారా అని రోజూ అడుగుతారు గానీ, వీటి గురించి ఒక్కరూ అడగరేం?

ఇట్లు,
మూతి కాలిన విధేయుడు

తా.క. రేపు ఎనిమిదిన్నరకి వస్తున్నాను. బ్యాగులో ఇంటి డబరా ఉంటుంది. కౌంటర్ దగ్గర నన్ను ఎరగనట్టే ఉండండి.