పైకప్పు కింద హైడ్రోజన్ ఎక్కడికి ఎగురుతుంది?

బ్రిటన్ లాంటి చలిదేశాల్లో ఇళ్ళను వెచ్చబరిచే బాయిలర్లకు సహజవాయువు బదులు హైడ్రోజన్ ఇవ్వాలనే మాట వచ్చినప్పుడల్లా ఒక సందేశం తిరుగుతోంది. "హైడ్రోజన్ గాలికన్నా 14 రెట్లు తేలిక, లీకైతే క్షణంలో ఎగిరిపోతుంది. కాలితే నీరే తప్ప విషం లేదు. పాతకాలపు టౌన్ గ్యాస్‌లో సగం హైడ్రోజనే, ఎవరికీ ఏమీ కాలేదు. కనుక సహజవాయువుకన్నా ఇదే భద్రం." (టౌన్ గ్యాస్ అంటే సహజవాయువు రాకముందు బొగ్గు నుంచి తీసి ఇళ్ళకు పంపిన వాయువు.) ఈ సందేశంలో నిజాలున్నాయి. ఆ "కనుక" మాత్రం నిలవదు.

ముందు తేలిక సంగతి. ఆరుబయట ఎగిరిపోతుందన్నది నిజం. ఇంట్లో పైకప్పు ఉంది. లేచిన వాయువు అక్కడే పేరుకుంటుంది. పైగా సహజవాయువు కూడా గాలికన్నా తేలికే, అదీ పైకే పోతుంది. తేడా అంతా ఎంత పేరుకుంటుంది, పేరుకున్నది ఎలా మండుతుంది అన్నదాంట్లో ఉంది. ఒకే రంధ్రం, ఒకే పీడనం ఉన్నప్పుడు, వాయువు జోరుగా బయటకు తన్నే లీకులో హైడ్రోజన్ ఘనపరిమాణం దాదాపు మూడింతలు ఉంటుంది. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఏ పాళ్ళలో కలిసినా అది అంటుకుంటుంది. సహజవాయువులో ప్రధానమైన మీథేన్‌కు ఆ పరిధి 5 నుంచి 15 శాతమే.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. కింది హద్దులు రెంటికీ దగ్గరదగ్గరే. 4 శాతం దాటిన కొత్తలో హైడ్రోజన్ చాలా బలహీనంగా మండుతుంది కాబట్టి చిన్న లీకుల్లో అది మీథేన్‌కన్నా ప్రమాదకరమేమీ కాదు. భయం అంతా గాఢత పెరిగాకే. అనువైన పాళ్ళలో మీథేన్ మంట సెకనుకు సుమారు 40 సెంటీమీటర్ల వేగంతో పాకితే, హైడ్రోజన్ మంట దాదాపు 3 మీటర్ల వేగం అందుకుంటుంది. పీడనం కిటికీలగుండా బయటపడే వ్యవధి ఉండదు, ఆ దెబ్బ గోడల మీద పడుతుంది. నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. ఆ సందేశంలో దీని ఊసే లేదు.

హైడ్రోజన్‌ను వ్యతిరేకించేవారు నిప్పురవ్వ లెక్క చూపిస్తారు: అంటుకోడానికి దానికి 0.02 మిల్లీజౌల్ చాలు, మీథేన్‌కు 0.28 కావాలి అని. దానికి నేను పెద్ద విలువ ఇవ్వను. మన ఒంటి మీది స్థిరవిద్యుత్తు రవ్వే రెంటినీ ముట్టించగలదు.

విషం లేదన్న మాట చాలావరకు ఒప్పుకుంటాను. హైడ్రోజన్ కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుట్టదు. నిద్రలో ప్రాణం తీసే వాయువు అది. ఈ లాభాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు. అయితే ఇది ఒక ముప్పును తీసేస్తుందే తప్ప పేలుడు ముప్పును తగ్గించదు.

ఇక టౌన్ గ్యాస్. అందులో కార్బన్ మోనాక్సైడ్ కూడా కలిసి ఉండేది, దానివల్ల ఎందరో చనిపోయారు. పేలుళ్ళూ జరిగాయి. 1968 మే 16న లండన్‌లోని రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో, 18వ అంతస్తు ఫ్లాట్‌లో స్టవ్ వెలిగించడానికి అగ్గిపుల్ల గీయగానే గ్యాస్ పేలి ఒక మూల మొత్తం కూలింది. నలుగురు చనిపోయారు. అది టౌన్ గ్యాసే. ఎవరికీ ఏమీ కాలేదని ఆ నలుగురి తర్వాత కూడా ఎలా అనగలం?

మరి హైడ్రోజన్ ఇళ్ళలోకి రాకూడదా? నేను అలా అనడం లేదు. బ్రిటన్‌లో ఇళ్ళకు హైడ్రోజన్ పనికొస్తుందా అని పరిశీలించిన హై4హీట్ అనే ప్రభుత్వ కార్యక్రమం కింద 2021లో వచ్చిన భద్రతా అంచనా ప్రకారం, అదనపు జాగ్రత్తలు లేకపోతే గాయాల ముప్పు సహజవాయువుకన్నా దాదాపు నాలుగింతలు. ప్రవాహం హద్దు మీరితే తనంతట తానే మూసుకునే వాల్వులు రెండు పెట్టి, ఉపకరణాలున్న గదులకు గాలి మార్గాలు ఉంచితే అది సహజవాయువు స్థాయికి దిగుతుంది. అంటే భద్రత ఆ వాయువు స్వభావంలో లేదు, మనం అమర్చేవాటిలో ఉంది. ఆ గాలి మార్గం 10,000 చదరపు మిల్లీమీటర్లు, అంటే అరచేయంత. చలికాలంలో అందులోంచి ఈదర కొడుతోందని గుడ్డ కుక్కేవాళ్ళు ఉంటారు. దాన్ని మూయడానికి వీల్లేకుండా కట్టాలని సిఫార్సు చేసింది అందుకే.